సికిందరాబాదు బజారులో రెండు రూపాయలు

చెడ్డ నాణెము మంచి నాణెమును వాడుకనుండి తరిమివేయునని అర్థశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పదునారవ శతాబ్దపు ఆంగ్ల వర్తకుడగు థామస్ గ్రెషామ్ పేరిట ఈ సూత్రమును 1858లో మెక్లియాడ్ అను పండితుడు ప్రచారమునకు తెచ్చెను. సికిందరాబాదు బజారులో మాత్రము మంచి రూపాయియు, దానికంటె తక్కువ రూపాయియు శతాబ్దమునకు పైగా ప్రక్కప్రక్కనే చెల్లెను. సూత్రము తప్పినదా?

1798 సంధి వలన నిజాము రాజ్యమున ఆంగ్ల సైన్యము నిలిచెను. ఆ దండు చుట్టు పెరిగిన ఊరికి 1806లో సికందర్ జా పేరు పెట్టిరి. దండులో జీతము ఇంగ్లీషు రూపాయలలో. నగరమున సర్కారు లెక్కలు, పల్లెలలో శిస్తు హాలీ సిక్కాలో. యంత్రముపై అచ్చయినది గనుక ఇంగ్లీషు రూపాయిని జనులు కల్దారనిరి. హాలీ యనగా ఇప్పుడు చెల్లునదని అర్థము.

కల్దారు తూకము ఒక తులము, అనగా 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. చార్మినారు బొమ్మ గల హాలీ తూకము 11.18 గ్రాములు; వెండి నూటికి 82 పాళ్లకు కొంచెము తక్కువ. లెక్క కట్టినచో ఆరు కల్దారులలో వెండి సుమారు 64 గ్రాములు. ఏడు హాలీలలోను అంతే. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ యను సర్కారు మారకము సరిగా ఈ ఏడు-ఆరుల లెక్కయే.

గ్రెషామ్ సూత్రము పారకపోవుటకు కారణమిదియే. వెండిలో సమానము కాని నాణెములను సమానముగా పుచ్చుకొనుమని ఏలిక శాసించినపుడే మంచిది దాగును. ఇచ్చట దేని వెల దానికి ఉండెను. దాచినందువలన లాభము లేదు. కాని మారకమునకు సరాఫు బట్టా పుచ్చుకొనును. దండులో కూలి చేసి కల్దారు తెచ్చి, ఊరిలో హాలీ శిస్తు కట్టువానికి భిన్నముల లెక్క రానిచో, ఆ బట్టా ఎంత పెరిగినదో తెలియదు. చదువు లేమికి పన్ను వంటిదది. నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను అధికారిని కౌటిల్యుడు ఊరక నియమింపలేదు.

1940లో యుద్ధకాలపు కల్దారున వెండి సగమునకు దిగెను. కొలది యేండ్లకు హాలీయు ఆ దారినే పోయెను. పాతదియు క్రొత్తదియు చట్టము దృష్టిలో ఒక్కటే రూపాయి. అప్పుడు సూత్రము పారినది! విక్టోరియా బొమ్మ రూపాయలు కడియములైనవి, కుండలలో చేరి నేల క్రిందికి పోయినవి. సగము వెండివి అంగడికి వచ్చినవి. గ్రెషామ్ పేరు వినని ఇల్లాండ్రు సయితము ఏది ఖర్చు పెట్టవలెనో, ఏది దాచవలెనో చక్కగా ఎరిగియుండిరి.

1950లో భారత రూపాయి ఈ ప్రాంతమునకు వచ్చినపుడును మారకము ఏడుకు ఆరే. హాలీ 1959లో పూర్తిగా రద్దయ్యెను. ఎవరి పెట్టెలోనైన మిగిలిన చార్మినారు రూపాయిని నేడు సరాఫు త్రాసులో వేసి, అందలి వెండికి వెల కట్టును.