చౌక చేతిగడియారము – భివండీ నేతపనివారు

గడియారమను మాట గడియనుండి పుట్టినది. దినమునకు అరువది గడియలు. గడియ యనగా 24 నిమిషములు. ఏడున్నర గడియలు ఒక జాము. పూర్వము అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును ఒక గడియగా లెక్కించి, గంట కొట్టి ఊరివారికి తెలియజేసెడివారు. గిన్నె కోటలోనో దేవాలయమందో యుండెడిది. సామాన్యుడు ఆ చప్పుడు విని నడచుకొనువాడే గాని, కాలమును స్వయముగా చూచుకొనువాడు కాడు. ఆ శక్తి అతనికి ఎట్లు లభించెనో, మన భివండీ తెలుగువారికి అందువలన కలిగిన మేలెట్టిదో ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము.

ఠాణా జిల్లాలోని భివండీ మరమగ్గముల పట్టణమని అందరికిని తెలిసినదే. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలీ కుటుంబములు చేతిమగ్గము అన్నము పెట్టని దినములలో ఇచ్చటికి వలస వచ్చి, పద్మానగరు మొదలగు పేటలలో స్థిరపడినవి. మరమగ్గమును మనవారు సాంచా అందురు. 1982 జనవరి 18వ తేదీన బొంబాయి మిల్లులలో ఆరంభమైన మహాసమ్మె తరువాత అనేక మిల్లులు కోలుకొనలేదు. బట్టపని చాలవరకు భివండీ వంటి పట్టణములలోని సాంచాలకు తరలినది. ఇచ్చట పని దినమునకు రెండు పాళీలు. పాళీకి 12 గంటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదనియు, మించినచో రెట్టింపు కూలి ఈయవలెననియు విధించినది. కాని విద్యుత్తుతో నడచుచోట పదిమంది పనివారున్నప్పుడే ఆ చట్టము వర్తించెడిది. చిన్నచిన్న షెడ్లుగా విడిపోయిన ఈ పరిశ్రమలో అది చాలమందికి అందని పండైనది.

సాంచా పనివానికి కూలి మీటర్ల లెక్కన వచ్చును. అట్లయిన గడియారముతో పని యేమని కొందరడుగవచ్చును. ఒకే సాంచాలపై పగలొకడు, రాత్రి యొకడు పనిచేయుదురు. పాళీ మారువేళ పావుగంట ఆలస్యమైనచో ఒకనికి నిద్ర తగ్గును, మరియొకనికి మీటర్లు తగ్గును. కండెలు చుట్టువారికి, రోజుకూలీలకు గంటలే కూలి. మేము గుమాస్తాపనిలోనున్న కాలమున ఈ తగవులను పలుమారు చూచియుంటిమి. తీర్పు చెప్పునది యజమాని గదిలోని గోడగడియారమే. అది ముందున్నదో వెనుకనున్నదో అడుగుటకు పనివాని చేతిలో సాక్ష్యము లేదు.

ఇది మన ఊరి ముచ్చట మాత్రమే కాదు. 1850లో వెలువడిన స్కాట్లండు దేశపు డండీ నగర మిల్లు పనివాని స్మృతులలో, ఉదయము గడియారమును ముందునకు, సాయంకాలము వెనుకకు త్రిప్పుచుండిరనియు, పనివాడు జేబుగడియారము తెచ్చుటకే భయపడుచుండెననియు కలదు. ఇ. పి. టాంప్సన్ అను చరిత్రకారుడు 1967లో వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున దీనిని ఉదాహరించెను. బొంబాయి సంగతియు చిత్రమైనదే. 1906లో దేశమంతటికి ఒకే ప్రామాణిక కాలము ఏర్పడినను, ఆ నగరము దానికి 39 నిమిషములు వెనుకబడిన తన సొంత కాలమును 1955 వరకు పూర్తిగా విడువలేదు.

మన దేశమున 1961లో హెచ్.ఎమ్.టి. సంస్థ జపానుదేశపు సిటిజన్ సంస్థ సహాయముతో బెంగుళూరున చేతిగడియారములు చేయ నారంభించెను. అవి మేలైనవే. కాని మన ఇండ్లలో చేతిగడియారము పెండ్లికొడుకు లాంఛనము. సైకిలు, రేడియోలతోపాటు అత్తవారు పెట్టవలసిన వస్తువు. దానిని పెట్టెలో దాచిరే గాని సాంచాల నడుమకు తేలేదు. దూది నుసి, చమురు, యంత్రముల అదురు దాని సన్నని చక్రములకు గిట్టవు. దినమున కొకమారు కీ ఇయ్యవలెను. ఏటేట శుభ్రము చేయించవలెను.

ఈ చిక్కులను తీర్చినది స్ఫటికము. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సుదేశపు క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అది నియతముగా కంపించును. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టను అనువారు దానితో తొలి గడియారమును నిర్మించిరి. చేతిగడియారములోని స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను వరుసగా పదునైదుమారులు సగము చేసినచో ఒకటి మిగులును; అదియే ఒక సెకను. 1969 డిసెంబరు 25న జపానులో సైకో సంస్థ విడుదల చేసిన తొలి స్ఫటికపు చేతిగడియారము వెల 4,50,000 యెన్నులు. 1972లో అమెరికాలో అమ్మిన పల్సర్ అను తొలి అంకెల గడియారము వెల 2,100 డాలర్లు. 1976 నాటికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు సంస్థ అంకెల గడియారమును 20 డాలర్లకే అమ్మెను. ఏడేండ్లలో రాజభోగము బజారు సరకైనది. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యు నెలకు 30 సెకన్లకు మించి తప్పదు. ఒక బ్యాటరీతో ఏడేండ్లు నడచును. దాని పోలికలో వచ్చిన పేరులేని సరకునకు లెక్కలేదు.

భివండీలో ఇవి కాలిబాటలమీద గుట్టలుగా అమ్ముడుపోవుట మేము కన్నులార చూచితిమి. నేడును ఒక దినపు కూలితో ఇట్టిది కొనవచ్చును. దీని ఆకర్షణ చౌకదనమొక్కటే కాదు. అక్షరము రానివాడును నోటుమీది అంకెను, బస్సు సంఖ్యను గుర్తించును. ముల్లులను లెక్కించు పని లేదు. నుసి, అదురు దీని నేమియు చేయవు. చీకటిగదిలో మీట నొక్కినచో వెలుగు వచ్చును. ఒకే గదిలో పగటివారు, రాత్రివారు వంతులవారీగా పండుకొను చోట, రాత్రి పాళీవానిని సాయంకాలము లేపునది దీని కూతయే. బిస్సీలో భోజనము దొరకు వేళ దాటకుండ కాపాడునదియు ఇదియే. పోయినను విచారము లేదు. అన్నిటికంటె మిన్న, యజమాని చేతనున్నదియు పనివాని చేతనున్నదియు ఒకే నిమిషమును చూపును. గోడగడియారముతో వాదింపగల సాక్ష్యము పనివాని మణికట్టున కూర్చున్నది.

అయినను చౌక వస్తువునకు వెల ఎవరో ఒకరు చెల్లించుచునే యుందురు. స్విట్జర్లండులో 1970లో సుమారు 90,000 మంది గడియారపు పనివారుండగా, 1980-90 దశకము నడుమకు వచ్చుసరికి వారు మూడవవంతునకు దిగిరి. మన హెచ్.ఎమ్.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిశ్చయించెను. కంటికి భూతద్దము తగిలించుకొని వీధిమూల కూర్చుండు బాగుచేయువారు అరుదైరి. చౌక గడియారము చెడినచో పారవేయుటయే గాని బాగుచేయించుట లేదు. ఈ నష్టము మనకు క్రొత్త కాదు. మన తాతల చేతిమగ్గమును సాంచా త్రోసివేసినది. ఆ సాంచాయే మనకు కూడు పెట్టినది. ఎచ్చటనో ఒక చేతిపనివాని పీట ఖాళీయగుటచే మన చేతికి గడియారము వచ్చినదని పద్మశాలీలమైన మనకు ఎవరును వేరుగ బోధింపనక్కరలేదు.

నేడు ప్రతివాని జేబులో సెల్‌ఫోను కలదు. కాలము చూచుటకు వేరొక వస్తువేల యని యువకు లందురు. కాని గడియారము ఎవరితోను మాటాడదు, నెలనెల రుసుము కోరదు, మనము ఎచ్చటనుంటిమో ఎవరికిని చెప్పదు. 12 గంటల పాళీయింకను పోలేదు. చట్టము చెప్పిన గంటలు ఎప్పుడు ముగిసెనో చూచుకొను సాధనము పనివాని చేతికి వచ్చినది. చూచి అడుగుటకు తగిన ఐకమత్యమును సంపాదించుకొనుట మిగిలిన పని. అది ఏ బజారునందును చౌకగా దొరకునది కాదని మన యువకులు గ్రహింతురుగాక.