కాంట్రాక్టు గడువు ముగిసినా తీరని బాధ్యతలు

నిర్ణీత కాలానికి నియమితుడైన ఉద్యోగి కాంట్రాక్టును గడువు తీరిన పిదప పొడిగించవలసిన బాధ్యత సాధారణంగా యాజమాన్యానికి లేదు. అయితే అప్పటివరకు చేసిన సేవకు రావలసిన ప్రయోజనాలు గడువుతోపాటు రద్దు కావు. 21 నవంబరు 2025 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఈ అంశాన్ని మరింత స్పష్టం చేసినవి.

రిట్రెంచ్‌మెంట్ కాదు

గడువు ముగిసిన కాంట్రాక్టును పునరుద్ధరించకపోవడం రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1984లో చేసిన సవరణ పేర్కొన్నది. పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 ఇదే సూత్రాన్ని కొనసాగించింది. అందువలన రిట్రెంచ్‌మెంట్‌కు వర్తించే నెల రోజుల నోటీసు, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇట్టి సందర్భంలో లభించవు. గడువుకు ముందే తొలగించినపుడు మాత్రం కాంట్రాక్టులోని షరతులు కీలకమవుతాయి. ముందస్తు తొలగింపునకు అందులో నిబంధన లేనిచో, ఏడాది సర్వీసు గల కార్మికుడు రిట్రెంచ్‌మెంట్ రక్షణలను కోరవచ్చు.

ఎవరికి వర్తిస్తుంది

యాజమాన్యంతో నేరుగా, లిఖితపూర్వకంగా, నిర్ణీత కాలానికి ఒప్పందం చేసుకొన్న వారే నిర్ణీత కాల ఉద్యోగులు. కాంట్రాక్టరు ద్వారా పనిచేసే కాంట్రాక్టు కార్మికులు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. నిర్ణీత కాల ఉద్యోగి పనిగంటలు, వేతనం, భత్యాలు, ఇతర సదుపాయాలు అదే పని చేసే శాశ్వత కార్మికునికన్నా తక్కువగా ఉండరాదని కోడ్ నిర్దేశిస్తున్నది.

గ్రాట్యుటీ

1972 నాటి చట్టం ప్రకారం గ్రాట్యుటీకి సాధారణంగా 5 సంవత్సరాల నిరంతర సర్వీసు అవసరమయ్యేది. కాలపరిమితి ముగిసి వెళ్లే వారికి 5 సంవత్సరాల నియమం వర్తించదని సామాజిక భద్రత కోడ్-2020 పేర్కొన్నది. ఏడాది సర్వీసు చేసిన వారు అర్హులు. ఉదాహరణకు, కోడ్ అమలులోకి వచ్చిన తరువాత నియమితుడై 2 సంవత్సరాలు పనిచేసిన ఉద్యోగి చివరి నెల వేతనం రూ.26,000 అయినచో, 26 రోజులకు 15 రోజుల లెక్కన ఏడాదికి రూ.15,000 చొప్పున మొత్తం రూ.30,000 లభిస్తుంది. ఈ మొత్తాన్ని 30 రోజులలోగా చెల్లించవలసి ఉంటుంది. భవిష్యనిధి ఖాతాలో జమ అయిన మొత్తం కూడా ఉద్యోగికే చెందుతుంది.

ప్రసూతి ప్రయోజనం

ప్రసవానికి ముందు 12 నెలలలో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళా ఉద్యోగికి ప్రసూతి ప్రయోజనం లభిస్తుంది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా దీనిని నిలిపివేయరాదని ఢిల్లీకి చెందిన ఒక కాంట్రాక్టు వైద్యురాలి కేసులో సర్వోన్నత న్యాయస్థానం 17 ఆగస్టు 2023న తీర్పు చెప్పింది.

ప్రభుత్వ సర్వీసులు

కాంట్రాక్టు గడువు ముగిసినంత మాత్రాన క్రమబద్ధీకరణ హక్కు రాదని సర్వోన్నత న్యాయస్థానం రాజ్యాంగ ధర్మాసనం 10 ఏప్రిల్ 2006న స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పును సాకుగా చూపి దీర్ఘకాలం పనిచేసిన వారి న్యాయమైన కోరికను తోసిపుచ్చరాదని అదే న్యాయస్థానం 20 డిసెంబరు 2024న పేర్కొన్నది. శాశ్వత హోదాను నిరాకరించే ఉద్దేశంతో తాత్కాలిక కార్మికులను ఏళ్ల తరబడి అదే స్థితిలో కొనసాగించడం పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం అక్రమ కార్మిక విధానం.

పరిష్కార మార్గం

తొలగింపుపై వివాదం తలెత్తినపుడు కార్మికుడు మొదట రాజీ అధికారిని ఆశ్రయించవలెను. అక్కడ దరఖాస్తు చేసిన 45 రోజుల తరువాత నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. సర్వీసు ముగిసిన తేదీ నుంచి 2 సంవత్సరాలు దాటరాదు. నియామక పత్రం, పొడిగింపు ఉత్తర్వులు, వేతన పత్రాలు ఇట్టి వివాదాలలో ప్రధాన సాక్ష్యాలు కనుక వాటిని భద్రపరచుకోవలసిన అవసరం ఉన్నది.