అమ్మమ్మ పెట్టెలోని రాముడి నాణెం

మా డర్బను తెలుగువారి ఇళ్ళలో పాత పెట్టె ఒకటి తప్పక ఉంటుంది. మా అమ్మమ్మ పెట్టెలో కడియాలు, కుంకుమ భరిణె, వాటితోబాటు ఒక రాగి నాణెం ఉండేవి. ఒకవైపు సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, అర అణా, 1818. తాతగారు ఓడ ఎక్కినప్పుడు రొంటిన దోపుకొని తెచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. సాయంకాలపు తెలుగు తరగతిలో మేమూ ఇరవై ఏళ్ళు పిల్లలకు అదే చెప్పాము. అది తప్పు. చెప్పిన నోటితోనే దిద్దుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

మదరాసులో 1818 దాకా లెక్కలన్నీ వరహాలు, పణాలు, కాసులలోనే. ఆ ఏడే అక్కడ రూపాయి ప్రమాణ నాణెమైంది. 1835లో కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రకం నాణేలు వేయించింది. వాటిలో రాగి అర అణా ఉన్నది. దాని మీద ఉన్నది సింహాలు పట్టుకున్న కంపెనీ చిహ్నం, రాముడు కాడు. రాముడి బొమ్మతో 1818 నాటి అర అణాను కంపెనీ వేయనేలేదు. ఇటువంటివే 1616, 1717 అని ముద్రించినవీ దొరుకుతాయి. ఇవి తరువాత ఎవరో అచ్చువేసి అమ్మిన దేవుడి బిళ్ళలు. అసలుకు నకలు చేస్తే దొంగ నాణెమంటాము. దీనికి అసలే లేదు!

అయితే నమ్మినవాళ్ళు వెర్రివాళ్ళు కారు. కంపెనీ నాణేల మీద దేవుడున్న మాట నిజమే. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో మదరాసు టంకశాల వేసిన వెండి అర వరహా మీద ఒకవైపు గుడి గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ అరవంలోనూ తెలుగులోనూ నాణెం పేరు కనిపిస్తాయి. పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్న మాకు ఆ బొమ్మలో మన లిపి కనబడ్డప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంతలో వరసకు తమ్ముడొకడు, ఈ నాణేనికి పెద్ద ధర ఇచ్చే మనిషి దొరికాడని వచ్చాడు. ఆంధ్రలో, తెలంగాణలో పాత రాగి వస్తువులు బియ్యపు గింజలను లాగుతాయని నమ్మించి, ‘రైస్ పుల్లింగ్’ పేరిట లక్షలు దోచిన ముఠాలను పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. “కొనేవాడు ఇష్టపడి కొంటున్నాడు, మనకేం అక్కా?” అన్నాడు. వాడి దగ్గర కొనేవాడికి ఎవరు చెబుతారురా అని అడిగాము. జవాబు లేదు. ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటాడు.

అలాగని దొంగ నాణేలు పోగుచేయడమే పాపమని మేము అనము. మదరాసు నుంచి ట్రూరో ఓడ డర్బను చేరిన 1860లోనే భారత శిక్షాస్మృతి చట్టమైంది. 2024 దాకా అమలులో ఉన్న ఆ చట్టం కూడా దొంగ నాణెం ఊరకే దగ్గరున్నంత మాత్రాన శిక్షించలేదు. మోసపుచ్చే ఉద్దేశం ఉన్నదా అని చూసింది. జర్మనీలో బెకర్ (1772–1830) అనే ఘనుడు ప్రాచీన నాణేలకు నకళ్ళు చేసి, పాతవాటిలా అరగడానికి ఇనుప రజనుతో పెట్టెలో వేసి, బండికి కట్టి తిప్పేవాడట. అతని అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో అతని పేరుతోనే ఉన్నాయి. పేరు వ్రాసి ఉంచితే అదీ చరిత్రే. మాకు రోత పుట్టించేది తెలిసీ నోరు మూసుకొని చేతులు మార్చే వ్యాపారం.

ఈ ఉత్సవ ప్రదర్శనలో అమ్మమ్మ నాణెం ఉంటుంది. కింద చీటీ మీద పిల్లల చేతనే వ్రాయించాము: “కంపెనీ నాణెం కాదు. దేవుడి బిళ్ళ. ఎప్పటిదో తెలియదు.” పక్కనే తాతగారి ఓడ పట్టీ నకలు పెట్టాము. అందులో ఆయన నంబరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. అమ్మమ్మ శనివారాలు పెట్టిన కుంకుమ మరక రాముడి మీద ఇంకా ఉంది. దాన్ని తుడవలేదు.