తాతయ్య రేడియో, ఒక పైసా కండెన్సర్: కాగితం నుంచి ఫిల్మ్ దాకా

మౌలాలి నుంచి ఇంకో ఎపిసోడ్. ఈ రోజు విషయం చాలా చిన్న భాగం. పాత రేడియో మెకానిక్కులు దాన్ని కండెన్సర్ అంటారు, మనం బీటెక్‌లో కెపాసిటర్ అని చదువుకున్నాం. ఆడియో సర్క్యూట్‌లో ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి సిగ్నల్‌ని దాటించే కప్లింగ్ కెపాసిటర్ అన్నమాట.

ముందు నా తప్పు చెప్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన కొత్తలో అటక మీంచి తాతయ్య వాల్వు రేడియో దింపాను. దుమ్ము దులిపి నేరుగా ప్లగ్ పెట్టేశాను. పాట వచ్చింది! నానమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఐదు నిమిషాల్లో గొంతు బొంగురుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అవుట్‌పుట్ వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతోంది. వెంటనే ప్లగ్ పీకేశాను. మా వీధిలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన వచ్చి చూసి ఒకే మాట అన్నారు: "ఆ కండెన్సర్ మార్చకుండా స్విచ్ వేస్తారా నాయనా?"

అసలు దాని పనేంటి? మొదటి వాల్వు ప్లేటు మీద 150 వోల్టుల డీసీ ఉందనుకోండి. దాని మీద తేలుతూ పాట ఉంటుంది. పాట మాత్రమే అవతలి వాల్వు గ్రిడ్‌కి చేరాలి, డీసీ ఇవతలే ఆగిపోవాలి. ఈఎల్84 లాంటి వాల్వులో 250 వోల్టుల దగ్గర గ్రిడ్, కాథోడ్ కంటే దాదాపు 7 వోల్టులు కిందుండాలి. ఆ 7 వోల్టులే వాల్వుకి కళ్లెం.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. హైదరాబాద్‌లో దక్కన్ రేడియో 1935లో మొదలైంది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ కాలపు సెట్లలో కప్లింగ్‌కి ఎక్కువగా వాడింది కాగితం కెపాసిటర్లే. రెండు లోహపు రేకుల మధ్య కాగితం పెట్టి, చుట్టి, మైనంలో ముంచేవాళ్లు. కాగితం తేమ పీలుస్తుంది. మన వర్షాకాలాలు ఎన్ని దాటి ఉంటుందో ఆలోచించండి!

లెక్క వేద్దాం. గ్రిడ్ దగ్గర 470 కిలో ఓముల రెసిస్టర్ ఉంది. కెపాసిటర్ పాడై 10 మెగా ఓముల లీకేజీ వచ్చిందనుకోండి. 150 వోల్టుల్లో దాదాపు 6.7 వోల్టులు గ్రిడ్ మీదకి వచ్చేస్తాయి. కళ్లెం దాదాపు తెగినట్టే. కరెంటు పెరుగుతుంది, వాల్వు ఎర్రబడుతుంది, తర్వాత వంతు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఇంకో చిక్కేంటంటే మల్టీమీటర్ చిన్న వోల్టేజీతోనే కొలుస్తుంది. కాబట్టి చాలాసార్లు "బాగానే ఉంది" అనిపిస్తుంది.

1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది, దాంతో లెక్క తారుమారైంది. వాల్వు ఇన్‌పుట్ 470 కిలో ఓములైతే 0.01 మైక్రోఫారడ్ చాలు, 34 హెర్ట్జ్ దాకా సిగ్నల్ దాటుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ స్టేజీ ఇన్‌పుట్ 2 కిలో ఓములే అనుకుందాం. అదే 34 హెర్ట్జ్‌కి 2.3 మైక్రోఫారడ్లు కావాలి. అంటే 230 రెట్లు! అంత విలువ చిన్న సెట్లో పట్టాలంటే ఎలక్ట్రోలైటిక్ తప్ప అప్పట్లో వేరే దారి లేదు. ప్లస్, మైనస్ చూసి పెట్టాల్సిన గోల కప్లింగ్‌లోకి అలా వచ్చింది.

ఇంకా చిన్నగా కావాలంటే టాంటలం. దీనికీ మన ఏరియాకీ సంబంధం ఉంది. మాకు దగ్గర్లోని ఈసీఐఎల్ 1967లో, ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో మొదలైంది. ఈసీ టీవీ చాలా ఇళ్లలో ఉండేది. 1970ల్లో పక్కనే వచ్చిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అసలు పని అణు ఇంధనం. కానీ టాంటలం లాంటి ప్రత్యేక లోహాలు కూడా అక్కడ తయారయ్యాయి. టాంటలం బుజ్జిదే గానీ మొండిది. తిరగేసి పెడితే షార్ట్ అయి పొగ వదులుతుంది.

మరి పావలా సిరామిక్ పెట్టేస్తే? బేరియం టైటనేట్ 1940ల నాటి ఆవిష్కరణ. చిన్న సైజులో పెద్ద విలువ ఇస్తుంది. కానీ వోల్టేజీ మారితే దాని కెపాసిటెన్సే మారుతుంది, దాంతో పాట వంకర పోతుంది. పైగా దానికి పీజో గుణం ఉంది, తట్టితే స్పీకర్‌లో టక్‌మంటుంది. సీ0జీ రకానికి ఈ జబ్బు లేదు, కానీ పెద్ద విలువల్లో దొరకడం కష్టం.

1980లో వాల్ట్ జంగ్, రిచర్డ్ మార్ష్ "ఆడియో" పత్రికలో కెపాసిటర్ల ఎంపిక మీద రాసిన వ్యాసాలతో ఈ చర్చ హైఫై వాళ్లందరికీ పాకింది. 2002లో సిరిల్ బేట్‌మన్ "ఎలక్ట్రానిక్స్ వరల్డ్" పత్రికలో రకరకాల కెపాసిటర్ల డిస్టార్షన్‌ని కొలిచి చూపించడం మొదలుపెట్టాడు. చెవి వాదన నుంచి మీటర్ వాదనకి వచ్చామన్నమాట.

వీటన్నిట్లోంచి నాకు అర్థమైంది ఇది. మంచి కెపాసిటర్ అంటూ విడిగా ఏదీ లేదు, దాని చుట్టూ ఉన్న సర్క్యూటే ఎంచుకుంటుంది. ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువుంటే ఫిల్మ్ పెట్టండి. పాలియెస్టర్ చాలు, చోటూ డబ్బూ ఉంటే పాలీప్రొపిలీన్. ఇంపిడెన్స్ తక్కువుంటే ఎలక్ట్రోలైటిక్ పెట్టండి, కానీ లెక్కకి వచ్చినదానికంటే చాలా పెద్దది. అప్పుడు దాని మీద పడే సిగ్నల్ వోల్టేజీ దాదాపు ఉండదు, వోల్టేజీ లేనిచోట డిస్టార్షన్ కూడా ఉండదు. విలువ పెద్దగా ఉండే సిరామిక్‌ని పాట దారిలో పెట్టకండి, పవర్ లైన్ దగ్గర వాడుకోండి.

నా రేడియోకి కోఠి గుజరాతీ గల్లీలో 0.01 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలియెస్టర్ ఫిల్మ్ కొన్నాను. పెద్దాయన ముందు ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన చార్జిని రెసిస్టర్ పెట్టి దించారు, గ్రిడ్ మీద డీసీ లేదని చూశాకే నాకు స్విచ్ ఇచ్చారు. తాతయ్య వాల్వు బతికింది. నానమ్మ ఇప్పుడు పొద్దున్నే ఆకాశవాణి పెడుతుంది. సౌండ్ ఎలా ఉందని అడిగితే, "మీ తాత ఇంత గట్టిగా పెట్టనిచ్చేవాడు కాదు" అంది.

మీ ఇంటి అటక మీద కూడా ఒక సెట్ ఉంటే దయచేసి ముందు ప్లగ్ పెట్టకండి. తెలిసినవాళ్లతో ఆ ఒక్క కండెన్సర్ మార్పించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.