మన ఇంటిపేరు ఎవరి నోట ఉంది?

హాస్టల్‌లో కొత్త పిల్లలు చేరినప్పుడు మేము రెండు సంగతులు అడుగుతాం. ఇంటిపేరేమిటి? మీది ఎన్ని దేవుళ్ల సగ? మొదటిదానికి ఆధార్ కార్డు చూపిస్తారు. రెండోదానికి చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మన గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలున్నాయి. ఒకే సగలో పుట్టినవాళ్లు అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి కుదరదు. తరతరాలుగా ఈ లెక్క ప్రధాన్ల నోట నిలిచింది. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు ఇళ్లుంటాయి. వాళ్లు కిక్రి వాయిస్తూ వంశకథ పాడతారు. మనిషి పోయాక పెద్దల్లో కలిపే కార్యానికీ వాళ్లే రావాలి. "పాట లేకపోతే పోయినోళ్లకు తోవ దొరకదు బిడ్డా" అనేది మా కాకో.

ఆడవాళ్లకు ఈ లెక్క రెండుసార్లు. పుట్టినది ఒక ఇల్లు, చేరేది ఇంకో ఇల్లు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాగోబా జాతరప్పుడు మెస్రం వాళ్ల కొత్త కోడళ్లు తెల్లచీర కట్టుకుని బేటింగ్‌కు వస్తారు. నాగోబా ముందు ఆ పరిచయం జరిగాకే ఆమె మెస్రం ఇంటి మనిషి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మన స్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకే పంతులు శిక్షణ మొదలైంది, గోండి పాఠాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. మేము టీచర్ ట్రైనింగ్ చేసినన్నాళ్లూ ఈ ముచ్చట ఒక్కరూ చెప్పలేదు! తర్వాత వచ్చిన బడుల్లో గోండి పోయింది. రిజిస్టర్ రాసేవాళ్లకు మన పలుకు తెలియక ఒకే ఇంట్లో అన్నకు ఒక ఇంటిపేరు, తమ్ముడికి ఇంకొకటి పడ్డాయి. సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుసు.

మా ఇంటి ప్రధాన్ తాత కరోనా ఏడాది పోయాడు. కొడుకు ఆదిలాబాద్‌లో ఆటో నడుపుకుంటాడు, కిక్రి పట్టలేదు. మరుసటి ఏడే మా బాపు పోయాడు. కార్యానికి వేరే ఊరి ప్రధాన్‌ను పిలిచాం. మంచివాడే, పాడాడు. కానీ మా తాత పేరుకు పైన ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

తర్వాత ముసలి మేనత్తల దగ్గర కూర్చుని రాసుకున్నాం. అయిదు తరాల మగవాళ్ల పేర్లు దొరికాయి. ఆ ఇళ్లలోకి వచ్చిన ఆడవాళ్లవి రెండే.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మా పెద్దపిల్లలు దాన్ని నేర్చుకుంటున్నారు. సెలవులకు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి తెల్లకాగితం ఇస్తున్నాం, ఇంట్లో అడిగి పేర్లు రాసుకు రమ్మని. పోయిన దీపావళికి దండారి చూసి వచ్చిన ఆరో తరగతి పిల్ల తొమ్మిది పేర్లు తెచ్చింది. అందులో నాలుగు కాకోలవి.