వాక్కునకు గీసిన ఎల్లలు

గుంటూరు-గుంతకల్లు రైలుమార్గమున మార్కాపురమునకును కంభమునకును నడుమనున్న తర్లుపాడు, తాను కదలకయే పలు పాలనలను చూచినది. 1953 వఱకు చెన్నరాష్ట్రమున, 1970 వఱకు కర్నూలు జిల్లాలో, పిదప ఒంగోలు జిల్లాలో నుండి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరిడుటతో ప్రకాశము జిల్లా గ్రామమైనది. ఈ యూరివాఁడు ఏమి పలికిన నేరమగునో నిర్ణయించు శాసనములును అటులే మాఱుచు వచ్చినవి.

1870లో భారత శిక్షాస్మృతిని చేరిన 124-ఏ రాజద్రోహ నిబంధన, ప్రభుత్వముపై అప్రీతి పుట్టించుటను నేరముగా నెంచెను. అప్రీతి హృదయగతము, దాని తూనిక న్యాయాధిపతి యిచ్చకు వచ్చినట్లు. కర్నూలు వాస్తవ్యులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికయందు, తిరునల్వేలి కాల్పులను గర్హించుచు పరదొరతనమును క్రూరవ్యాఘ్రముతో పోల్చినందులకు మూఁడేండ్ల కారాగారశిక్షకు పాత్రులైరి. దీనికి భిన్నముగా, అమెరికా రాజ్యాంగపు ప్రథమ సవరణము 1791లోనే వాక్కును, పత్రికను కుదించు చట్టములు చేయరాదని శాసనకర్తలను కట్టడి చేసియుండెను. అయినను యుద్ధకాలమున, 1918లో, అచ్చటను రాజద్రోహ చట్టము పుట్టకపోలేదు.

స్వతంత్రభారతమున రాజ్యాంగము అమలునకు వచ్చి రెండు నెలలైనను నిండకమునుపే, 1950 మార్చి 1న, చెన్నరాష్ట్ర ప్రభుత్వము రమేశ్ థాపర్‌గారి బొంబాయి వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ తన యెల్లలలో ప్రవేశింపరాదని ఉత్తరువు చేసెను. నాఁటి మీటరు గేజి బండిలో దాని సంచిక యొక్కటి తర్లుపాడు స్టేషనున దిగియుండినచో, అది నిషిద్ధవస్తువే యగును. ఉత్తరువునకు ఆధారమైన చట్టములోని ‘ప్రజాభద్రత’ యను మాట మితిమీఱి విశాలమైనదని, రాజ్యభద్రతకే ముప్పు వాటిల్లని విషయములలో వాక్కును నిరోధింపరాదని మే 26న సుప్రీంకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. మఱుసటి యేఁడు జూన్‌లో మన రాజ్యాంగపు ప్రథమ సవరణము ప్రజాశాంతి, విదేశమైత్రి, నేరప్రేరణ యను హేతువులను చేర్చుచునే, ఆంక్షలు సముచితములుగా నుండవలెనని నియమము పెట్టెను. అమెరికా ప్రథమ సవరణము శాసనకర్తల చేతులకు కట్లు వేయఁగా, మన ప్రథమ సవరణము ఆ కట్లను సడలించినది.

అంతర్జాలము వచ్చిన పిదప ఐ.టి. చట్టమున 66-ఏ నిబంధన వచ్చెను. చీకాకు కలిగించుటకై పంపిన ఈమెయిలునకును మూఁడేండ్ల శిక్ష పడవచ్చునన్న ఆ నిబంధనను, అస్పష్టమైనదని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు రద్దు చేసెను. అమెరికాలో, 1969 నాఁటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు ననుసరించి, తక్షణ చట్టోల్లంఘనమునకు పురికొల్పి, అది జరుగు నవకాశమున్నఁగాని రాజకీయప్రసంగము శిక్షార్హము కాదు. జర్మనీలో యూదుల సంహారమును బహిరంగముగా కాదనుటయే నేరము. డల్లాసులోని తెలుగువాఁడు, తర్లుపాటిలోని వాని మేనమామ ఒకే వాట్సప్ గుంపులో రాజకీయములు చర్చించినను, వారిరువురి వాక్యములను తూచు త్రాసులు వేఱు. మఱియు భారతదేశమందలి కంప్యూటరుతో ముడిపడిన నేరమైనచో, విదేశమందున్నవానికిని మన ఐ.టి. చట్టము వర్తించును.

రాజద్రోహము నేరమని మనకు నేర్పిన ఇంగ్లండు 2009లో ఆ నేరమునే తొలఁగించుకొనెను. మనము 2024 జూలై వఱకు 124-ఏను మోసి, దాని స్థానమున భారతీయ న్యాయసంహిత 152వ విభాగమును నిలుపుకొంటిమి. ఎల్ల లేని వాక్స్వాతంత్ర్యము ఏ దేశమునను లేదు. అయితే అప్రీతి, ప్రజాభద్రత, చీకాకు వంటి కొలతకందని మాటలతో ఎల్ల గీయుట, అధికారికి అపరిమితాధికార మిచ్చుటయే. కావున క్రొత్త చట్టము వచ్చినపుడెల్ల పౌరుఁడు ముందుగా పరిశీలింపవలసినది శిక్ష యెంతయని కాదు, నేరమును నిర్వచించిన మాటలు ఎంత స్పష్టమైనవని.