అమీర్‌పేటలో ఆ పోస్టర్

2020 మార్చి నెలాఖరు. కరోనా లాక్‌డౌన్ మొదలైంది. పాలమూరు వైపు పెద్దమందడి నుంచి కోచింగ్ కోసం వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నారు మీరు. ఖాళీ చేయమన్నారు. ఊరికి పోదామంటే బస్సుల్లేవు. పోలీస్ స్టేషన్ ముందు ఊరికి పోయే పాసుల కోసం పోరగాళ్లు బారులు తీరారు. బ్యాగు భుజాన వేసుకుని మెట్రో స్టేషన్ దాకా నడిచారు.

అక్కడ ఒక పోస్టర్. హిజ్రాలను దుకాణాల దగ్గరికి రానీయొద్దట. వాళ్లతో మాట్లాడితే కరోనా వస్తుందట. కొట్టి తరమాలట, లేదంటే 100కు ఫోన్ చేయాలట.

చుట్టూ చూడండి. దుకాణాల షట్టర్లన్నీ దిగే ఉన్నాయి. దుకాణం దుకాణం తిరిగి, చప్పట్లు కొట్టి, దీవించి, పది రూపాయలు తీసుకునేవాళ్లకు లాక్‌డౌన్ మొదటి రోజే కూడు పోయింది.

ఇప్పుడు వాళ్లుండే గల్లీలోకి రండి. ఒకే గది. ఒక గురువు, ఐదుగురు చేలాలు. ఎవరికి ఫోన్ చేసినా ముందు కరోనా కాలర్ ట్యూన్ దగ్గుతుంది, దూరం పాటించమంటుంది. ఈ గదిలో దూరం ఎక్కడిది? ఒకరి మాటలో పాలమూరు యాస ఉంది. ఊళ్లో బతకనీయకపోతే మన పిల్లలు బస్సెక్కేది ఇక్కడికే కదా. తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇస్తానంది సర్కారు. ఆమె పేరున్న కార్డు అమ్మానాన్నల ఇంట్లో ఉంది, అదీ మగపిల్లాడి పేరుతో.

ఆమెకు పొద్దుట్నుంచి దగ్గు. పరీక్షకు పోదామంటే పోనంటోంది. ఎట్లా పోతుంది? తనను కొట్టమని గోడ మీద రాసున్న ఊళ్లో, జబ్బుందని చెప్పుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఆ పోస్టర్ వైరస్‌ను ఆపదు, దాచిపెడుతుంది.

అందులోని అనుమానానికి వందేళ్లు. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, వారంట్ లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి నిజాం చట్టం ఈ మార్చినాటికీ రద్దు కాలేదు. హైకోర్టు దాన్ని కొట్టేసేది 2023 జూలైలో. దాని మీద 2018లోనే కోర్టుకెక్కిన ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లీయే ఇప్పుడు ఈ పోస్టర్ల మీద పోలీసులకు ఫిర్యాదు చేశారు.

గదిలో ఫోన్ మోగింది. తమ సముదాయం వాళ్లే, చందాలు పోగేసి బియ్యం, నూనె కొన్నారట. ఇంకేం కావాలని అడుగుతున్నారు. గురువు గొంతు తగ్గించి ఒకరి హెచ్‌ఐవీ మందులు ఐపోవచ్చాయని చెబుతోంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) పుస్తకం ఫొటో తీసి పంపమన్నారు. బండి, పాస్ ఉన్న మనిషి ఒకరు దొరికారట, రేపు పొద్దున్నే పోయి తెస్తారు.